బొటనవేలికి అందేలా: రివాల్వర్ల బల్ల దగ్గర నేర్చుకున్నది

అక్టోబరు, దసరా వెళ్ళిన శనివారం. సాయంత్రం నాలుగు గంటలు. షాపు వెనక గది.

హాజరు: నేను. మా ఆవిడ రాజ్యలక్ష్మి. ఏడాదిగా నా దగ్గర పని నేర్చుకుంటున్న హారిక. ఆమె తల్లి వసుంధర, తండ్రి శ్రీధర్. బల్ల మీద ఎర్ర గుడ్డ, గుడ్డ మీద ఆకురాళ్ళు, స్క్రూ డ్రైవర్లు, సుత్తులు, వాటి మధ్యలో డెన్నిస్ అనే కస్టమరు రివాల్వరు. డెన్నిస్ లేడు. మర్నాడు పొద్దున వచ్చి తీసుకుంటానన్నాడు.

నా డైరీలో ప్రతి పేజీ ఇలాగే మొదలవుతుంది. ఏ రోజు, ఎవరున్నారు, బల్ల మీద ఏముంది. హైదరాబాదులో పనిలో చేరిన నాటి నుంచి ఈ అలవాటు ఉంది. తుపాకులు బాగుచేసే పనిలోకి రావాలనుకుంటున్న పిల్లలు కొందరు, వాళ్ళలో మన పిల్లలు కూడా, ఈ పని అసలు ఎలా ఉంటుందో రాయమని అడుగుతున్నారు. లైసెన్సు ఎలా తెచ్చుకోవాలో, రిజిస్టర్లు ఎలా నింపాలో ప్రభుత్వం వాళ్ళే వివరంగా చెబుతారు. నేను వాటి జోలికి పోను. పని ఎలాంటిదో, మనుషులు ఎలాంటివాళ్ళో, ఏది చేయకూడదో రాస్తాను. ఆ శనివారం జరిగినది అర్థం కావాలంటే మాత్రం కొంత వెనక నుంచి రావాలి.

ఆకురాయి పరీక్ష

బాలానగర్‌లో ఒక టూల్ రూములో డైలు, అంటే ఇనప అచ్చులు, తయారుచేసేవాణ్ణి. కారు విడిభాగాలు చేసే కంపెనీ ఒకటి నన్ను మిషిగన్‌కి తీసుకొచ్చింది. ఇక్కడే ఇల్లు కొన్నాం, పౌరసత్వం తీసుకున్నాం, తర్వాత ఆ కంపెనీ మూతపడింది. నా వయసు వాళ్ళకి ఇంకొక కంపెనీ ఉద్యోగం ఇవ్వడం కష్టమని అందరూ అన్నారు. నిజమే అన్నారు.

మేము ఉండే నోవై నుంచి పడమరగా వెళ్తే, ఊళ్ళు పలచబడే చోట, వాల్ట్ అనే ముసలాయన తుపాకుల మరమ్మతు షాపు ఉండేది. మనిషి కావాలని తలుపుకి అట్ట తగిలించాడు. లోపలికి వెళ్ళి నా అనుభవం చెప్పబోతే వినలేదు. ఒక ఇనప ముక్క, ఒక ఆకురాయి ఇచ్చి, దీన్ని అన్ని వైపులా చదరంగా చెయ్యమన్నాడు. తను వెళ్ళి భోజనం చేసొచ్చాడు. వచ్చి, ముక్కని వెలుతురుకి ఎత్తి పట్టి, స్కేలు ఆనించి చూసి, సోమవారం రమ్మన్నాడు. మా మధ్య ఇంటర్వ్యూ అంతే.

మనవాళ్ళలో ఈ వార్త వేరే రకంగా పాకింది. గుళ్ళో, పుట్టినరోజు భోజనాల్లో నన్ను షెరీఫ్ రావు అనేవారు. ఒకాయన నా పక్కన కూర్చోవలసి వస్తే ముందు నా నడుము వైపు చూసేవాడు. రాజ్యలక్ష్మి మొదట్లో ఇబ్బంది పడింది. తర్వాత ఎవరైనా మీవారు ఏం చేస్తారని అడిగితే, ఇనుము అరగదీస్తారు అని చెప్పి ఊరుకునేది. నిజానికి నా వృత్తికి అంతకన్నా సరైన వర్ణన నాకూ తోచలేదు.

ఒక్క పని చేసే ట్రిగ్గరు

వాల్ట్ అన్ని తుపాకులూ చూసేవాడు. నన్ను మాత్రం నెమ్మదిగా సింగిల్ యాక్షన్ రివాల్వర్ల వైపు మళ్ళించాడు. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఈ రివాల్వర్లో ట్రిగ్గరు ఒక్క పనే చేస్తుంది, వెనక్కి లాగి ఉన్న హ్యామర్‌ని, అంటే తూటాని కొట్టే ముక్కని, వదలడం. ఆ హ్యామర్‌ని ప్రతి గుండుకీ ముందు బొటనవేలితో మనమే వెనక్కి లాగాలి. అలా లాగినప్పుడే సిలిండరు ఒక గది తిరిగి సరిగ్గా గొట్టం వెనక ఆగుతుంది. పాత పద్ధతి వాటిలో ఆ లాగడంలో నాలుగు చప్పుళ్ళు వినిపిస్తాయి. అనుభవం ఉన్నవాడు కళ్ళు మూసుకుని ఆ చప్పుళ్ళు వింటే లోపల ఏ ముక్క అరిగిందో చెప్పగలడు. చెవికి ఇంత పని ఉన్న ఇనప వస్తువు నేను మరొకటి చూడలేదు.

ఈ కాలంలో వీటిని ఎవరు ఉంచుకుంటారు? వేటకి వెళ్ళేవాళ్ళు కొందరు. తాతల నాటిది ఇంట్లో ఉండిపోయినవాళ్ళు కొందరు. అందరికన్నా ఎక్కువగా, వారాంతాల్లో పాతకాలపు టోపీలు, తోలు బెల్టులు వేసుకుని క్లబ్బులో ఇనప పలకలు కొట్టే పెద్దవాళ్ళు. ఆ పోటీలకి రివాల్వర్లు జతగా కావాలి. రెండూ ఒకేలా ఉండాలి, ఒకేలా పలకాలి.

వాళ్ళు వచ్చి అడిగేవి చాలా ఉంటాయి. పిడికి దుప్పి కొమ్ము, గొట్టం మీద చెక్కుడు, మెరుగు, రంగు. అవన్నీ బాగుంటాయి, చేసి పెట్టేవాణ్ణి. కానీ నా అభిప్రాయం అడిగితే, మార్పులన్నిటిలోకీ అసలైన మార్పు తుపాకీని మనిషికి సరిపెట్టడం. టైలరు బట్ట కత్తిరించే ముందు భుజం కొలుస్తాడు. మేము చెయ్యి కొలవాలి. చెయ్యి చూడకుండా చేసిన అందమైన పని గోడకి తగిలించడానికి తప్ప పనికి రాదు.

వాల్ట్ చెప్పినవి, చేసినవి

వాల్ట్ మొదటి నెలంతా నాచేత స్క్రూ డ్రైవర్లు సానపట్టించాడు. ప్రతి స్క్రూ గాడికీ సరిగ్గా ఇరుక్కునేలా మొన తీర్చాలి. వదులుగా ఉన్న స్క్రూ డ్రైవరు జారితే ఒక్క గీత పడుతుంది, ఆ గీత యజమాని ఉన్నంతకాలం ఉంటుంది. డై మేకర్‌గా అంత అనుభవం ఉన్నవాణ్ణి నాకిదేమిటని లోపల గునిశాను. తర్వాత ఇతర షాపుల నుంచి వచ్చిన రివాల్వర్ల స్క్రూ తలలు చూసినప్పుడు గొణగడం మానేశాను.

ఒకసారి ఒక కస్టమరు ట్రిగ్గరు ఊదితే పేలేంత తేలిక చెయ్యమన్నాడు. పక్క ఊళ్ళో చేస్తారు, ఇక్కడ ఎందుకు చెయ్యరని వాదించాడు. వాల్ట్ ఆ రివాల్వరుని గుడ్డలో చుట్టి తిరిగి ఇచ్చేశాడు. అతను వెళ్ళాక నేను, మంచి కస్టమరు పోయాడు కదా అన్నాను. వాల్ట్ కాఫీ తాగడం ఆపలేదు.

"అతను తన కోసం అడిగాడు. రేపు అతని పక్కన నిలబడేవాడు నన్నేమీ అడగలేదు కదా" అన్నాడు.

ఈ వృత్తిలో నేను విన్న మాటల్లో నాకు బాగా ఉపయోగపడినది అదే. వద్దని చెప్పడం నేర్చుకోనివాడు ఈ పనిలోకి రాకూడదు. పాత పద్ధతి రివాల్వర్లో ఆరు గదులున్నా ఐదే నింపాలని, కిందపడితే పేలకుండా హ్యామర్ కింది గది ఖాళీగా ఉండాలని చెబితే నవ్వే కుర్రాళ్ళు వస్తారు. నవ్వనివ్వండి. మళ్ళీ చెప్పండి.

వాల్ట్ పొరపాటు చేయనివాడేం కాదు. ఒకసారి ఒక నల్లటి పూత రివాల్వరు అంచున బల్ల బిగింపు తగిలి చిన్న చోట పూత లేచిపోయింది. ఆ పూతని అసలు పద్ధతిలో వెయ్యాలంటే మొత్తం విప్పి, పాతది తీసేసి, మెరుగుపెట్టి, వేడి ద్రావణాల్లో ముంచాలి. రోజులు పడుతుంది. దాని బదులు చిన్న సీసాలో దొరికే మందు దూదితో అద్దితే ఆ చోట నల్లబడుతుంది. పండగకి మనవడికి చూపించాలని ఆ యజమాని తొందరపెడుతున్నాడు. వాల్ట్ సీసా తీశాడు. తర్వాతి వేసవి చెమటకి ఆ చోటు గోధుమరంగులోకి తిరిగింది. యజమాని వచ్చి పోట్లాడలేదు. రివాల్వరు బల్ల మీద ఆ చోటు పైకి కనిపించేలా పెట్టాడు. వాల్ట్ మొత్తం పూత కొత్తగా వేసి ఇచ్చాడు. ఆ మనిషి మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు.

మన పిల్లలు వచ్చినప్పుడు

వాల్ట్ పోయాక షాపు నేను తీసుకున్నాను. మన పిల్లలు రావడం అప్పుడు మొదలైంది. ఎమ్మెస్ చదివే కుర్రాళ్ళు ఇద్దరు ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి ఒక రోజు డ్రైవ్ చేసుకుని వచ్చారు. తెలుగాయన గన్ షాపు అని ఎవరో చెప్పారట. ఒక్కసారి చేత్తో పట్టుకుని ఫోటో దిగుతామన్నారు. వీసా మీద ఉన్నవాళ్ళకి ఈ దేశంలో తుపాకీ చేతికివ్వడం చట్టానికి విరుద్ధం. మినహాయింపులు ఏవో ఉన్నాయి, అవి లాయరుని అడగాలి గాని నన్ను కాదు. ఆ సంగతి వాళ్ళకి తెలియదు. చాలామందికి తెలియదు.

"ఉత్త ఫోటోనే అంకుల్. ఇన్‌స్టాలో ఒక్క రోజు పెట్టి డిలీట్ చేస్తాం" అన్నాడొకడు.

"నువ్వు డిలీట్ చేస్తావు నాన్నా. వీసా ఆఫీసరు చెయ్యడు" అన్నాను.

రెండోవాడు అప్పటికే ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. ఇద్దరికీ కాఫీ ఇచ్చి, చెక్కతో చేసిన నమూనా మీద లోపలి ముక్కలు ఎలా కదులుతాయో చూపించాను. వెళ్ళేటప్పుడు కాళ్ళకి దండం పెట్టబోయారు. మన పిల్లలు ఇక్కడ చేసే తప్పుల్లో సగం చెడ్డతనం వల్ల కావు. ముందుగా చెప్పేవాళ్ళు లేక. మీలో ఎవరైనా ఈ వృత్తిలోకి వస్తే, మనవాడని జాలిపడి నియమం సడలించవద్దు. మనవాడు కాబట్టే సడలించకూడదు.

హారిక

శ్రీధర్, వసుంధర మాకు పాతికేళ్ళుగా తెలుసు. హారిక నోవైలోనే పుట్టింది. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, కారు సీట్ల కంపెనీలో ఉద్యోగం చేసేది. ఒక రోజు, ఏదో చిన్న ముక్క అరగదీసి ఇమ్మని నా దగ్గరకి వచ్చింది. అప్పుడు నా చేతిలో విప్పిన రివాల్వరు ఉంది. తన ముక్క సంగతి మరిచి అది చూస్తూ కూర్చుంది. తర్వాత ప్రతి శనివారం వచ్చేది. ఆ తర్వాత ఉద్యోగం మానేసింది.

శ్రీధర్ నా మీద కోపం దాచుకోలేదు. ఫోను చేసి, "రావుగారూ, మీరు రిటైర్ అయ్యే షాపులోకి మా అమ్మాయిని దింపుతున్నారా" అని అడిగాడు. అతని మాటలో తప్పు లేదు. ఏడాది రెండేళ్ళలో షాపు మూసేద్దామని నేనప్పటికే అనుకుంటున్నాను. చివరికి తండ్రీ కూతుళ్ళు ఒక ఒప్పందానికి వచ్చారు. ఏడాది గడువు. ఆ లోపల ఒక్క కస్టమరైనా రావుగారిని కాదని, హారికకే పని ఇవ్వాలి. లేకపోతే మళ్ళీ కంపెనీ ఉద్యోగం. ఆ షరతు నాకు న్యాయంగానే తోచింది. నన్ను చూసి పని ఇచ్చేవాళ్ళు నాతోనే ఆగిపోతారు.

ఏడాది దగ్గరపడింది. పని హారికది మెరుగ్గా ఉంది. కస్టమర్లు మాత్రం ఆమె తల మీదుగా నన్నే చూసి మాట్లాడేవారు. ఎప్పుడు రమ్మంటావని నన్నే అడిగేవారు. ఆమె నవ్వేది, పని చేసుకునేది.

అప్పుడు డెన్నిస్ వచ్చాడు.

అతను క్లబ్బులో అందరికన్నా పాతవాడు. పక్షవాతం వచ్చి కోలుకున్నాడు గాని, కుడిచేతి బొటనవేలికి పట్టు రాలేదు. హ్యామర్ లాగలేకపోతున్నాడు. ఏడాదిన్నరగా క్లబ్బుకి వెళ్ళి, ఇతరులకి మార్కులు వేస్తూ కుర్చీలో కూర్చుంటున్నాడు. జతలో ఒక్కటే తెచ్చాడు. నేను చేస్తాననుకుని తెచ్చాడు. నా చేతులు ఇప్పుడు అంత సన్నపని చేయడం లేదని, హారిక చేస్తుందని చెప్పాను. ఆమె వైపు చూడకుండా, ఇది బాగుంటే రెండోది తెస్తానని, లేకపోతే రెండూ అమ్మేస్తానని నాతో అన్నాడు. అతనికి అది ఎంత పెద్ద మాటో అతని దవడ చూస్తే తెలిసింది.

నేనైతే స్ప్రింగు పలచబరిచి, హ్యామర్ తలని, అంటే వేలు ఆనే చోటుని, కిందికి వంచి ఉండేవాణ్ణి. అందరం అదే చేస్తాం. స్ప్రింగు మరీ పలచబడితే గుండు ఒకసారి పేలుతుంది, ఒకసారి పేలదు. హారిక ముందు ఏ ముక్కా తీయలేదు. డెన్నిస్‌ని కాఫీ డబ్బా మూత తెరవమంది. కోటు బొత్తాలు పెట్టుకుంటుంటే చూసింది. వేలి కొసకి బలం లేదు, కింది కణుపుకి ఉంది. అది నేను గమనించలేదు. ఆమె మైనపు ముద్ద ఒకటి హ్యామర్ మీద పెట్టి అతనిచేత నొక్కించింది. ఆ అచ్చుని బట్టి హ్యామర్ తలని వెడల్పుగా, కిందుగా, కణుపు ఆనేలా చేసింది. పిడి వెనక వైపు చెక్క పలచబరిచి చెయ్యి పైకి జరిగేలా చూసింది. లోపలి ముక్కల రాపిడి పోయేలా మెరుగు పెట్టింది. స్ప్రింగు కొద్దిగానే తగ్గించింది. పూత కొత్తగా వేసింది. నాలుగు చప్పుళ్ళూ గడియారంలా పలికాయి.

శుక్రవారానికి అంతా అయింది. ఆదివారం క్లబ్బులో ప్రాక్టీసు ఉందని, దారిలో వచ్చి తీసుకుంటానని డెన్నిస్ ఫోను చేశాడు. నాకు చేశాడు.

ఆ శనివారం

మిషిగన్‌లో ఏ పండగైనా వారాంతానికే వస్తుంది. ఆయుధ పూజ వెనక గదిలో చేయడం వాల్ట్ ఉన్నప్పటి నుంచీ అలవాటే. వాల్ట్ టోపీ తీసి నిలబడేవాడు. ఈసారి శ్రీధర్‌ని, వసుంధరని రాజ్యలక్ష్మి పిలిచింది. కూతురు పనిచేసే చోటు వాళ్ళు ఒక్కసారీ చూడలేదు.

పూజకి ముందు హారిక రివాల్వరు తెరిచి, ఆరు గదులూ ఖాళీ అని అందరికీ చూపించింది. తర్వాత నూనె గుడ్డతో తుడిచి గుడ్డ మీద పెట్టింది. శ్రీధర్ చేతులు వెనక కట్టుకుని నిలబడ్డాడు, మ్యూజియంలో నిలబడ్డట్టు. వసుంధర మాత్రం కూతురి పని చాలాసేపు వంగి చూసింది. పనిముట్లకి బొట్లు పెడతానని తనే ముందుకొచ్చింది. నిమ్మకాయలు కోసి కుంకం అద్దింది. హారతి ఇచ్చాం. తర్వాత అందరం ముందు గదిలోకి వెళ్ళి పులిహోర, పాయసం తిన్నాం. గంట పైగా మాట్లాడుకున్నాం. శ్రీధర్ మొదటిసారి నన్ను పని గురించి ప్రశ్నలు అడిగాడు. మంచి సాయంత్రం.

రివాల్వరుకి నూనె రాసి సేఫ్‌లో పెడదామని హారిక వెనక గదిలోకి వెళ్ళింది. చాలాసేపు బయటికి రాలేదు. నేను వెళ్ళాను. ఆమె దీపం కింద రివాల్వరు పట్టుకుని నిలబడి ఉంది. సిలిండరు కింద, పక్కభాగం మీద, బొట్టు తుడిచిన చోట పూత లేదు. బొట్టంత బూడిదరంగు ఇనుము.

ఏం జరిగిందో, మా వెనకే వచ్చిన వసుంధరే చెప్పింది. నూనె మీద కుంకం నిలవలేదట. టిష్యూతో ఆ చోట నూనె శుభ్రంగా తుడిచిందట. నీళ్ళు దూరంగా ఉన్నాయని, కోసిన నిమ్మచెక్కలో వేలు ముంచి, ఆ తడితో కుంకం పెట్టిందట. మిగతా పనిముట్లకి ఉత్త కుంకమే పెట్టింది. అమ్మాయి చేసిన వస్తువు కదా అని దీనికి ప్రత్యేకంగా, నిలిచి ఉండేలా పెట్టింది. నల్లపూతని నిమ్మరసం తినేస్తుంది. మిషిగన్ రాష్ట్రంలో ఇంకెవరికీ ఈ ప్రమాదం జరిగి ఉండదు.

వసుంధర కుర్చీలో కూలబడింది. "ఏడాది కష్టపడింది. నా వేలితో చెడగొట్టాను" అంది. రాజ్యలక్ష్మి ఆమె భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.

శ్రీధర్ అరవలేదు. రివాల్వరు దగ్గరకి వంగి, మొదటిసారి దాన్ని శ్రద్ధగా చూశాడు. టచప్ లాంటిది ఏదైనా ఉంటుందా అని అడిగాడు. పొద్దున్నకల్లా కనపడకుండా చేసే మార్గం లేదా అన్నాడు. నిన్నటిదాకా ఏడాది ఎప్పుడు పూర్తవుతుందా అని చూసినవాడు అలా అడగడం నేను గమనించాను.

ఆ మందు సీసా అల్మరాలోనే ఉంది. నిర్ణయం హారికకే వదిలాను. అది ఆమె పని, ఆమె కస్టమరు. హారిక సీసా తీసింది. మూత తీయకుండా కొంతసేపు పట్టుకుంది. మళ్ళీ అల్మరాలో పెట్టేసింది.

"అది కొన్ని మంత్స్ ఉంటుంది నాన్నా. తర్వాత పోతుంది. అప్పుడు డెన్నిస్ నన్ను ఏం అనుకుంటాడు?" అంది.

"ఇప్పుడు చూస్తే ఏం అనుకుంటాడు?"

"తెలీదు. కానీ నేను చెప్తాను కదా."

ఆ చోట నూనె రాసి, సేఫ్‌లో పెట్టి, తాళం వేసింది. అందరం ఎవరి ఇళ్ళకి వాళ్ళం వెళ్ళాం. వసుంధర వెళ్తూ, ఆయన ఎన్ని గంటలకి వస్తాడని అడిగింది. ఎందుకని నేను అడగలేదు.

మర్నాడు పొద్దున

గడ్డి మీద మంచు పట్టి ఉంది. నేను వెళ్ళేసరికి శ్రీధర్ కారు షాపు ముందు ఉంది. లోపల వసుంధర, శ్రీధర్ గోడ పక్క బెంచీ మీద కూర్చుని ఉన్నారు. హారిక వాళ్ళని రమ్మనలేదట. వద్దని కూడా అనలేదు. నేను నా మామూలు చోట, కిటికీ దగ్గర పనిబల్ల ముందు కూర్చున్నాను.

డెన్నిస్ వచ్చి, అలవాటు ప్రకారం నన్ను పలకరించాడు. హారిక రివాల్వరు తెరిచి ఖాళీ చూపించి, బూడిదరంగు చోటు పైకి వచ్చేలా అతని ముందు పెట్టింది.

"ముందు ఇది చూడండి. నిన్న నా బల్ల మీద జరిగింది. తర్వాత పని చూద్దురు గాని" అంది ఇంగ్లీషులో.

అతను కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. రివాల్వరు ఎత్తి, చెయ్యి సర్దుకుని, కణుపు హ్యామర్ మీద ఆనించాడు. సగం వరకు వచ్చి ఆగిపోయింది. చెయ్యి కొద్దిగా పైకి జరిపి మళ్ళీ లాగాడు. నాలుగు చప్పుళ్ళు. మెల్లగా దింపాడు. మళ్ళీ లాగాడు. జేబులోంచి తూటాల డబ్బా తీసి, వెనక తలుపు వైపు నడిచాడు. షాపు వెనక మట్టికట్ట ఉంది, పరీక్షలు అక్కడే చేస్తాం. హారిక చెవులకి రక్షణ పెట్టుకుని అతని వెంట వెళ్ళింది.

మేము లోపలే ఉన్నాం. మొదటి పేలుడు వినిపించింది. ఆ తర్వాత చాలాసేపు నిశ్శబ్దం. వసుంధర కళ్ళు మూసుకుంది. రెండోది. మళ్ళీ ఆలస్యం, కానీ అంత కాదు. మూడోది. నాలుగోది, ఐదోది వరసగా, ఒకే దూరంలో వచ్చాయి. శ్రీధర్ నా వైపు చూశాడు. బాగుందని తల ఊపాను. అతనికి నమ్మకం కలగలేదు.

డెన్నిస్ లోపలికి వచ్చినప్పుడు అతని ముఖం ఎర్రగా ఉంది. చలి వల్ల కావచ్చు. రివాల్వరు ఖాళీ చేసి బల్ల మీద పెట్టి, ఆ చోటు మీద గోటితో కొట్టి, ఇదేమిటని అడిగాడు. హారిక నోరు తెరిచేలోపు వసుంధర లేచి వచ్చింది. అది తన పని అని, ఏడాదికొకసారి తమ పనిముట్లకి దణ్ణం పెట్టుకుంటామని, బొట్టు నిలిచి ఉండాలని నిమ్మరసంతో పెట్టానని, అలా పూత పోతుందని తెలియదని, తప్పు తన కూతురిది కాదని తడబడకుండా చెప్పింది. దారంతా ఆ వాక్యాలు అనుకుంటూ వచ్చి ఉంటుంది.

"దణ్ణం దీనికా?" అన్నాడు డెన్నిస్.

"దీనికి, స్క్రూ డ్రైవర్లకి, మా కారుకి కూడా."

డెన్నిస్ కళ్ళజోడు తీశాడు. "కారుకి నిమ్మరసం పెట్టకండి" అన్నాడు.

తర్వాత బయట ట్రక్కు దగ్గరకి వెళ్ళాడు. అతను వెళ్ళిపోతున్నాడనుకున్నాం. గుడ్డసంచీతో తిరిగొచ్చాడు. అందులోంచి రెండో రివాల్వరు తీసి, హారిక ముందు పెట్టాడు.

"దీన్నీ అలాగే చెయ్యి. మొదటిదానికి మళ్ళీ పూత ఇప్పుడే వద్దు. రెండూ ఒకేసారి ముంచితే రంగు కలుస్తుంది. అందాకా ఇలాగే కాలుస్తాను." కొంచెం ఆగి, "ఎప్పుడు రమ్మంటావు?" అన్నాడు.

నా వైపు చూడలేదు. హారిక గోడ మీది క్యాలెండరు చూసి, నవంబరులో థాంక్స్‌గివింగ్ ముందు వారం అంది. అతను మొదటి రివాల్వరు పెట్టెలో పెట్టుకుని, వసుంధరకి టోపీ ఎత్తి, క్లబ్బుకి వెళ్ళిపోయాడు. కుర్చీలో కూర్చోవడానికి కాదు.

శ్రీధర్ చాలాసేపు ఆ తలుపు వైపే చూశాడు. చివరికి, "పూత ఎలా వేస్తారమ్మా? నాకు చూపిస్తావా?" అని కూతుర్ని అడిగాడు.

"దానికింకా టైమ్ ఉంది నాన్నా. ముందు ఇది విప్పాలి" అంది. రెండో రివాల్వరు చేతిలో పట్టుకుని నా దగ్గరకి వచ్చింది.

"అంకుల్, మీరు కొంచెం లేస్తారా? నాకు ఆ కిటికీ లైట్ కావాలి."

లేచాను. శ్రీధర్ బెంచీ మీద జరిగి చోటిచ్చాడు.